ఆర్గానిక్ కూరగాయలకి అంత డబ్బులు పెట్టడం వర్తేనా? ఏవి కొనాలి, ఏవి మామూలువే తెచ్చుకోవచ్చు?

మియాపూర్_మమత

అందరికీ నమస్తే. మేం మియాపూర్‌లో ఉంటాం, ఇంట్లో ఐదుగురం, బాబుకి రెండో ఏడు నడుస్తోంది, ఇప్పుడిప్పుడే మేం తినేవన్నీ వాడికి మెత్తగా చేసి పెడుతున్నా. అప్పట్నుంచీ ఈ పురుగు మందుల భయం పట్టుకుంది. మా వీధి చివర ఒక ఆర్గానిక్ షాపు ఉంది, వంకాయలు మామూలు బండి మీద కిలో నలభై అయితే వాళ్ళ దగ్గర నూటపది, కందిపప్పు అయితే చెప్పక్కర్లేదు. అన్నీ అక్కడే కొంటే నెల బడ్జెట్ ఎక్కడికో వెళ్ళిపోతోంది. మా ఆయన ఇదంతా మార్కెటింగ్ అంటారు, అత్తయ్యగారేమో మా చిన్నప్పుడు పేడ ఎరువుతో పండిన అన్నం తిన్నాం కాబట్టే ఈ వయసులో కూడా మెట్లెక్కుతున్నాం అంటారు, మధ్యలో నేను. నిజంగా ఆర్గానిక్ వాటిలో బలం ఎక్కువ ఉంటుందా, లేక మందులు తక్కువ ఉంటాయి అంతేనా? అన్నీ కొనలేను, కాబట్టి ముందు వేటి మీద ఖర్చు పెట్టాలో చెప్పండి. ఇంకోటి, అది నిజంగా ఆర్గానిక్ అని నమ్మేదెలా? ఉప్పునీళ్ళలో నానబెడితే సరిపోతుంది అని యూట్యూబ్‌లో చెప్తున్నారు, అది కరెక్టేనా? యూట్యూబ్ లింకులు పెట్టకండి ప్లీజ్, అవన్నీ చూసే ఇక్కడికొచ్చా.

ల్యాబ్‌కోటు

ఫుడ్ టెస్టింగ్ ఫీల్డ్‌లో పని చేస్తా కాబట్టి మీ మొదటి ప్రశ్నకి నేను చెప్తాను. బలం అనే మాట పక్కన పెట్టేయండి. 2012లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు అప్పటిదాకా వచ్చిన స్టడీలన్నీ కలిపి చూసి, విటమిన్ల విషయంలో ఆర్గానిక్‌కి పెద్ద తేడా ఏం లేదన్నారు. 2014లో బ్రిటన్‌లో ఇంకో టీమ్ 343 పేపర్లు కలిపి చూస్తే యాంటీఆక్సిడెంట్లు కాస్త ఎక్కువ, కాడ్మియం (ఒంటికి చెడు చేసే లోహం) తక్కువ అని వచ్చింది, దాని మీద వాదనలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. కానీ మందుల అవశేషాల దగ్గరకి వచ్చేసరికి రెండూ ఒకటే మాట చెప్పాయి, ఆర్గానిక్‌లో చాలా తక్కువ. సున్నా అని ఎవరూ అనలేదు, పక్క పొలం నుంచి గాలికి కొట్టుకొచ్చేది, భూమిలో పాతది మిగిలినది ఎంతో కొంత ఉంటుంది.

మీకు పనికొచ్చే స్టడీ ఇంకోటుంది, 2006లో వచ్చింది. అమెరికాలో సియాటెల్ దగ్గర స్కూలు పిల్లలకి ఐదు రోజులు మామూలు తిండి ఆపి ఆర్గానిక్ పెట్టారు, పెట్టీ పెట్టగానే మూత్రంలో మలాథియాన్, క్లోర్‌పైరిఫాస్ అనే పురుగు మందుల ఆనవాళ్ళు దొరకనంతగా పడిపోయాయి, మళ్ళీ మామూలు తిండికి రాగానే తిరిగి కనిపించాయి. అంటే ఆ రకం మందులు మన ఒంట్లోకి వచ్చేది ఎక్కువగా తిండి నుంచే, మార్చితే వెంటనే తగ్గుతాయి అన్నంతవరకు గట్టిగా చెప్పొచ్చు. దానివల్ల రోగాలు తగ్గుతాయా అంటే మాత్రం, 2018లో ఫ్రాన్స్‌లో దాదాపు 69 వేల మంది మీద చేసిన స్టడీలో ఆర్గానిక్ ఎక్కువ తినేవాళ్ళకి క్యాన్సర్లు 25 శాతం తక్కువ అని వచ్చింది, అంతకుముందు 2014లో బ్రిటన్‌లో ఆరు లక్షల మందికి పైగా ఆడవాళ్ళని చూస్తే మొత్తం మీద తేడా ఏం కనపడలేదు. పైగా ఆర్గానిక్ కొనేవాళ్ళు మామూలుగానే డబ్బున్నవాళ్ళు, సిగరెట్ తక్కువ, ఎక్సర్‌సైజ్ ఎక్కువ, ఆ లెక్క ఎంత తీసేసినా పూర్తిగా పోదు. కాబట్టి వాట్సాప్‌లో "ఆర్గానిక్ తింటే క్యాన్సర్ రాదు" అని వస్తే డిలీట్ చేసేయండి.

ఇక కడగడం గురించి. 2017లో మసాచుసెట్స్ యూనివర్సిటీలో యాపిల్స్ మీద చేశారు, వంటసోడా నీళ్ళలో 12-15 నిమిషాలు ఉంచితే పైన ఉన్న మందు బాగా పోయింది, తోలులోకి ఇంకిపోయింది మాత్రం పోలేదు. మన దగ్గర వాడే చాలా మందులు మొక్క లోపలికి పాకే రకమే, వేరుకి పెట్టినా ఆకుకి చేరతాయి, వాటిని ఉప్పు, పసుపు, చింతపండు ఏ నీళ్ళూ లోపల్నుంచి లాగవు. అయినా కడగండి, మట్టి, క్రిములు, పై పైన ఉన్న మందు పోతాయి కదా.

గుంటూరు_ఘాటు

మమత గారూ, ఏవి కొనాలి అన్నదానికి నేను చెప్తా, మాది మిరప రైతు కుటుంబం, మందుల షాపు ముందే పెరిగా అనుకోండి. మందు ఎక్కువా తక్కువా అనేది కాయని చూసి చెప్పలేం, పంట ఎలా కోస్తారో చూస్తే తెలిసిపోద్ది. బెండకాయ రోజు మార్చి రోజు కోయాలి, లేకపోతే ముదిరిపోయి ఎవడూ కొనడు. వంకాయలో కాయ తొలిచే పురుగు ఉంటది, దానికి వారం వారం కొడతానే ఉంటారు. ఇప్పుడు డబ్బా మీద కొట్టాక ఇన్ని రోజులు కోయొద్దని రాసి ఉంటది కానీ కొట్టిన రెండో రోజే కోతకొస్తే రైతు ఏం చేస్తాడు, కాయని చెట్టు మీదే వదిలేస్తాడా? కోసి మార్కెట్‌కి పంపుతాడు. రైతు దుర్మార్గుడని కాదండీ చెప్పేది, ఆ పంటకి ఆ మందుకి పొంతన లేదు అంతే. కాలీఫ్లవర్ కూడా అంతే, పువ్వులో ఒక్క పురుగు కనపడినా మీరే కొనరు కదా.

మిరపకి ఎన్నిసార్లు కొడతారో చెప్తే మీరు కారం మానేస్తారు. 2021లో నల్ల తామర పురుగు వచ్చిందే, ఆ సీజన్లో మా వైపు జనం డీలర్ ఏ డబ్బా చేతిలో పెడితే అది కొట్టారు, రెండు మూడు కలిపి కూడా కొట్టారు, అయినా తోటలు పోయాయి, అప్పు మిగిలింది. ఎండాక కాయ బరువు తగ్గుద్ది కానీ మందు అంతా తగ్గదు కదా, అందుకే ఎండుకారం లెక్క వేరు. యూరప్‌కి పంపేవాళ్ళు ఇదే మిరపని మందులు తగ్గించి వేరే పద్ధతిలో పండిస్తారు, జిగురు అట్టలు, మగ పురుగుల్ని వాసనతో లాగే లింగాకర్షక బుట్టలు, గట్ల మీద జొన్న, బంతి, అలా. అక్కడ టెస్ట్ చేసి ఓడ వెనక్కి పంపుతారు కాబట్టి. మనకి టెస్ట్ చేసేదెవరు?

నా లెక్కలో మీరు డబ్బులు పెట్టాల్సింది కరివేపాకు, కొత్తిమీర, పచ్చిమిర్చి, ఎండుకారం, వంకాయ, బెండ, కాలీఫ్లవర్, ద్రాక్ష. కరివేపాకు చిన్న ఆకే కదా అనుకుంటారు, తోటల్లో దానికీ బాగానే కొడతారు. సొరకాయ, గుమ్మడి, కంద, ఉల్లి, అరటికాయ, కొబ్బరి, ఇవి మామూలువే తెచ్చుకోండి, తొక్క తీసేవి ఎక్కువ, పురుగు గోల తక్కువ. కారం ఒక్కటి మాత్రం తెలిసిన రైతు దగ్గర ఏడాదికి సరిపడా కాయ తీసుకుని పట్టించుకోండి, కిలోకి వంద ఎక్కువైనా ఏడాది మొత్తం మీద లెక్క చూస్తే పెద్ద ఖర్చు కాదు.

డాలస్_బావ

అన్న చెప్పింది కరెక్ట్. ఇక్కడ మా వాళ్ళు ఏటా డర్టీ డజన్ అని, మందులు ఎక్కువున్న వాటి లిస్టు ఒకటి ఫార్వర్డ్ చేస్తుంటారు, స్ట్రాబెర్రీ, పాలకూర, కేల్ అని. దాన్ని చూసి హైదరాబాద్‌లో ఉన్న మా అక్క స్ట్రాబెర్రీలు మానేసింది, ఏడాదికోసారి తినేది అది, రోజూ తినే పచ్చిమిర్చి మాత్రం మామూలుదే 😄 అది అమెరికా మార్కెట్ శాంపిళ్ళతో చేసిన లిస్టు బాబూ, దాంట్లో దొండకాయ ఎక్కడుంది!

జనగామ_పోరడు

అందరు తినెటోళ్ళ గురించే మాట్లాడుతున్రు, పండిచ్చెటోని గురించి ఒక ముచ్చట చెప్త. ఆర్గానిక్ వల్ల ఎక్కువ లాభం ఎవరికంటే మందు డబ్బా వీపుకు కట్టుకునెటోనికి. మీ ప్లేట్ల మిగిలేది పిసరంత, ఆయన పీల్చేది ఎంత? 2017ల మన ఆదిలాబాద్‌కు ఆనుకునే ఉన్న యవత్మాల్ జిల్లాల పత్తికి మందు కొట్టుకుంట ఇరవై మంది దాకా సచ్చిపోయిన్రు, వందల మంది దవాఖానల పడ్డరు. చేను ఎత్తు పెరిగింది, మందు మొకం మీద పడ్డది, మాస్కు లేదు, గ్లౌజు లేదు. ఆ ఎండల ఆ ప్లాస్టిక్ సూటు ఏసుకొని ఎవడన్న పనిచేస్తడా చెప్పున్రి.

మా జిల్లాలనే ఏనబావి అని ఊరుంది, లింగాల ఘనపురం మండలం. యాభై చిల్లర ఇండ్ల చిన్న ఊరు. ముందు పురుగు మందులు బంద్ పెట్టిన్రు, తర్వాత ఎరువులు గూడ బంద్ పెట్టి 2006 నాటికి ఊరు మొత్తం ఆర్గానిక్ అని బోర్డు పెట్టుకున్నరు. అంతకన్న ముందు ఖమ్మం దిక్కు పునుకుల అట్లనే చేసింది, అక్కడ ఆడోళ్ళే ముందుబడి మందు షాపోళ్ళను ఊర్లకు రానియ్యలే. ఎవ్వలు గూడ పర్యావరణం అని మొదలువెట్టలే, మందుల షాపుల అప్పు కట్టలేక మొదలువెట్టిన్రు. డీలరే అప్పిస్తడు, డీలరే ఏం కొట్టాల్నో చెప్తడు, పంట గూడ డీలరే తీస్కపోతడు, గా లంకె తెగాలె అని.

భూమి ముచ్చట అంటరా, జీవామృతం చేసుడు పెద్ద బ్రహ్మవిద్య ఏం గాదు. రెండు వందల లీటర్ల డ్రమ్ముల నీళ్ళు, పది కిలోల పెండ, ఐదు నుంచి పది లీటర్ల ఆవు మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శెనగపిండి, గుప్పెడు గట్టు మట్టి, రెండు రోజులు పొద్దుగాల మాపు కలుపుకుంట ఉంచితె ఎకరానికి సరిపోతది. అది ఎరువు అనుకుంటే తప్పు, భూమిల ఉన్న సూక్ష్మజీవులను లేపుడే దాని పని. పురుగుకు వేపగింజల కషాయం, గట్టిగుంటే అగ్నాస్త్రం, అంటే మిరప, ఎల్లిగడ్డ, పొగాకు, వేపాకు ఆవు మూత్రంల ఉడకపెట్టిన కషాయం. మా నాయిన చేసె చెల్కల ఇప్పుడు వాన పడితె నీళ్ళు నిల్వవు, లోపటికి ఇంకుతయి, ఎర్రలు అయితె మస్తు. అండ్ల అబద్ధం ఏం లేదు.

లెక్కల_మాస్టారు

చదువుతుంటే అంతా బానే ఉంది కానీ ఎవరో ఒకరు అవతలి వైపు కూడా చెప్పాలి కదా. 2012లో వచ్చిన పెద్ద విశ్లేషణలో ఆర్గానిక్ దిగుబడి పంటని బట్టి 5 నుంచి 34 శాతం దాకా తక్కువ వచ్చింది, 2014లో ఇంకోటి సగటున 19 శాతం తక్కువ అంది. తక్కువ పండితే ఎక్కువ భూమి కావాలి, ఆ భూమి అడవి నుంచే రావాలి. శ్రీలంకలో 2021లో రాత్రికి రాత్రి రసాయన ఎరువులు ఆపేశారు, ఆ సీజన్లో వరి కుప్పకూలింది, తేయాకు దెబ్బతింది, కొన్ని నెలలకే వెనక్కి తగ్గారు. పర్యావరణానికి మేలు అని ఒక్క మాటలో తేల్చేస్తే ఎలా?

రెండోది, ఆర్గానిక్ అంటే మందు లేదని అర్థం కాదు. తెగుళ్ళకి గంధకం, బోర్డో మిశ్రమం వాడొచ్చు, బోర్డోలో ఉండేది రాగి, అది ఏళ్ళ తరబడి భూమిలో పేరుకుంటుంది. పచ్చి పేడ సరిగ్గా మాగకుండా ఆకుకూరలకి వేస్తే కడుపులో గడబిడ గ్యారంటీ. కాబట్టి ఆర్గానిక్ కొత్తిమీర అని కడక్కుండా పచ్చడిలో వేయకండి అమ్మా, ఇంట్లో చంటి పిల్లాడున్నాడు.

మూడోది మీరు హైదరాబాద్ వాళ్ళు కాబట్టి. మూసీ నీళ్ళతో ఊరి కింద ఆకుకూరలు, గడ్డి, వరి పండుతాయని అందరికీ తెలుసు. ఆ నీళ్ళలో డ్రైనేజీ ఉంది, ఫ్యాక్టరీల నీళ్ళు ఉన్నాయి. తోటకూరకి ఒక్క చుక్క మందు కొట్టకపోయినా ఆ నీళ్ళతో వచ్చే లోహాలని ఏ జీవామృతం ఆపుతుంది? నేనైతే ఆకుకూర దగ్గర మందు కొట్టారా అని కాకుండా ఏ నీళ్ళతో పండింది అని అడుగుతా.

జనగామ_పోరడు

సారూ, శ్రీలంక ముచ్చట ఆర్గానిక్ తప్పు కాదు, దేశం మొత్తం మీద ఒక్క సీజన్ల ఎరువు గుంజుకుంటే గట్లనే అయితది. భూమికి టైం కావాలె, సర్టిఫికెట్ ఇచ్చెటోళ్ళే పంటలకు రెండేండ్లు, తోటలకు మూడేండ్లు మార్పిడి టైం పెట్టిన్రు. ఆంధ్రల 2016 నుంచి ప్రకృతి సేద్యం మెల్లగ ఊరూరికి చేసుకుంట వస్తున్నరు, రైతు సాధికార సంస్థ కింద, ఆడోళ్ళ సంఘాలను పట్టుకొని. బలవంతం ఏం లేదు, ముందు ఎకరంల పావు భాగం చేసి చూడుమంటరు. 2024ల దానికి పోర్చుగల్ నుంచి గుల్బెంకియన్ ప్రైజ్ గూడ వచ్చింది, ముగ్గురికి కలిపి ఇచ్చిన్రు, అండ్ల ఒకటి ఇది.

దిగుబడి తగ్గుతది, మొదటి రెండు మూడేండ్లు నిజంగనే తగ్గుతది, నేను కాదంటలే. కాని యూరియా లెక్క గూడ చెప్పున్రి మరి. బస్తా 266 రూపాయలకు దొరుకుతది అంటే మిగిలింది సర్కారు కడుతుంది కాబట్టి, అది మీ పన్నే. వరికి వేసిన దాంట్ల సగం గూడ పంటకు అందదు, మిగిలింది నీళ్ళల్లకు, గాలిలకు. గాలిలకు పోయే నైట్రస్ ఆక్సైడ్ బొగ్గుపులుసు వాయువు కంటె 270 రెట్లు వేడి పుట్టిస్తది అంటరు. మొన్న 2025 వానాకాలంల యూరియా కోసం లైన్ల చెప్పులు పెట్టి నిలవడ్డ రైతుల ఫోటోలు చూసిన్రు కదా, అర్ధరాత్రి నుంచి.

లెక్కల_మాస్టారు

పేడ నుంచి కూడా ఆ వాయువు వస్తుంది తమ్ముడూ, ఆవు ఊరికే ఉండదు. కానీ యూరియా వాడకం సగానికి తగ్గించొచ్చు అంటే మాత్రం నేను ఇప్పుడే సంతకం పెడతా. మొత్తం ఆపడం వేరు, దుబారా ఆపడం వేరు. జీలుగ, పిల్లిపెసర లాంటి పచ్చిరొట్ట పైర్లు వేసి దున్నేస్తే ఎరువు బాగానే మిగులుతుంది, అది ఆర్గానిక్ బోర్డు లేని రైతు కూడా చేయొచ్చు, మా నాన్న అదే చేసేవాడు.

కొర్రన్నం

పప్పులు, చిరుధాన్యాల గురించి ఎవరూ చెప్పలేదు. కొర్రలు, సామలు, అరికెలు మెట్ట పొలాల్లో మామూలుగానే మందు పెద్దగా లేకుండా పండుతాయి, వాటికి ఆర్గానిక్ స్టిక్కర్ వేసి డబుల్ రేటు తీసుకోవడం నాకైతే నచ్చదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు ఏళ్ళుగా ఒకే చేలో పది రకాలు కలిపి వేస్తున్నారు, ఏటా సంక్రాంతి టైంలో పాత పంటల జాతర చేస్తారు, ఒకసారి వెళ్ళి చూడండి, జొన్న, కంది, అనుములు ఒకే ముక్కలో. అలాంటి చోట వర్షం మోసం చేసినా ఏదో ఒకటి చేతికొస్తుంది. కందిపప్పు మాత్రం షాపులో చూసి కొనండి, కంది పూత మీద కాయతొలిచే పురుగుకి బాగానే కొడతారు. ఇంకో మాట, ఆర్గానిక్ బిస్కెట్లు, ఆర్గానిక్ చక్కెర అని బాబుకి పెట్టకండి, చక్కెర చక్కెరే.

మిద్దె_మీద_మడి

కరివేపాకు, కొత్తిమీర, పుదీన, పచ్చిమిర్చి ఈ నాలుగూ ఇంట్లోనే పెంచేయండి మమత గారూ. గుంటూరు అన్న లిస్టులో మొదటి మూడూ ఎగిరిపోతాయి. అపార్ట్‌మెంట్ బాల్కనీలో మూడు గంటల ఎండ వస్తే చాలు పుదీన, కొత్తిమీరకి, మిర్చికి ఇంకొంచెం ఎక్కువ కావాలి. కరివేపాకుకి పెద్ద కుండీ పెట్టండి, పుల్లమజ్జిగ పలచగా చేసి పోస్తుంటే బాగా చిగురిస్తుంది. పేనుబంక పడితే నీళ్ళు గట్టిగా కొట్టి, వేపనూనెలో కాస్త సబ్బునీళ్ళు కలిపి స్ప్రే చేయండి. వంకాయ జోలికి మాత్రం మొదట్లో పోకండి, పురుగుని చూసి విరక్తొచ్చేస్తుంది, అప్పుడు రైతులు ఎందుకు కొడతారో అర్థమవుతుంది 😂

మియాపూర్_మమత

అమ్మో ఇన్ని రిప్లైలా, అందరికీ థాంక్స్. మా ఆయనకి చదివి వినిపించా, "చూశావా నేను చెప్పానా" అని ఆయన, "చూశావా నేను చెప్పానా" అని అత్తయ్యగారు, ఇద్దరూ గెలిచారు. సరే, సొర, ఉల్లి, అరటి మామూలువి, వంకాయ బెండ పచ్చిమిర్చి ఆర్గానిక్, కరివేపాకు కుండీలో. ఇప్పుడు అసలు డౌట్ మిగిలింది, ఆ షాపు వాళ్ళని సర్టిఫికెట్ ఉందా అంటే గోడ మీద ఫ్రేమ్ కట్టిన కాగితం చూపించారు, రైతులు మాకు తెలిసినవాళ్ళే మేడం అన్నారు. కూరగాయల మీద మాత్రం ఏ లోగో లేదు. నమ్మొచ్చా?

ల్యాబ్‌కోటు

ఆ కాగితం మీద ఎవరి పేరుంది, ఏ పంటకి, ఎప్పటిదాకా అన్నవి చదవండి ముందు. సర్టిఫికెట్ షాపులో ఉన్న అన్నిటికీ కాదు, ఫలానా రైతుకో రైతుల గుంపుకో వ్యాపారికో, ఫలానా పంటలకి, ఫలానా తేదీ దాకా ఉంటుంది. కందిపప్పు సర్టిఫికెట్ చూపించి వంకాయలు అమ్మితే అది చెల్లదు. మన దేశంలో రెండు దారులున్నాయి. ఒకటి ఎన్‌పీఓపీ, అంటే కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఆర్గానిక్ పద్ధతి, బయటి ఏజెన్సీ వచ్చి చెక్ చేస్తుంది, ఎక్స్‌పోర్ట్‌కి ఇదే, ఖర్చు ఎక్కువ. తెలంగాణలో, ఆంధ్రలో ప్రభుత్వ సర్టిఫికేషన్ అథారిటీలు కూడా ఉన్నాయి దీనికి. రెండోది పీజీఎస్ ఇండియా, రైతులు గుంపుగా ఏర్పడి ఒకరి పొలం ఒకరు చూసుకుంటారు, చిన్న రైతులకి ఇదే అందుబాటు. అందులో పీజీఎస్ గ్రీన్ అని ఉంటే ఇంకా మార్పిడిలో ఉన్న పొలం అని, పీజీఎస్ ఆర్గానిక్ అని ఉంటే పూర్తయింది అని. ప్యాకెట్ల మీద అయితే ఆర్గానిక్ లోగో చూడండి, ఇదివరకు ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) వాళ్ళ జైవిక్ భారత్ లోగో ఉండేది, దాని బదులు 2025లో యూనిఫైడ్ ఇండియా ఆర్గానిక్ లోగో తెచ్చారు. ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలున్న చిన్న రైతు నేరుగా మీకే అమ్మితే సర్టిఫికెట్ లేకపోయినా అమ్మొచ్చు, అది రైతుకిచ్చిన సడలింపు, మధ్యలో కొని అమ్మే షాపుకి కాదు.

టెస్ట్ చేయిద్దాం అనుకుంటే ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి వెళ్ళాలి, ఒక్క శాంపిల్‌కే వేలల్లో అవుతుంది, ఒక ఇంటికి దండగ. మీ అపార్ట్‌మెంట్‌లో ఇరవై మంది ఒకే షాపులో కొంటుంటే అందరూ కలిసి పచ్చిమిర్చి శాంపిల్ ఒక్కటి పంపండి. షాపుకి చెప్పకుండా మామూలు కస్టమర్‌లా కొని పంపండి.

గుంటూరు_ఘాటు

షాపు వాడిని ఇంకోటి అడగండి, ఈ వంకాయలు ఏ ఊరివి, ఆ రైతుతో ఫోన్లో మాట్లాడొచ్చా అని. నిజంగా తెలిసిన రైతైతే నంబర్ ఇస్తాడు. ఇంకా డౌటుంటే ఏడాది పొడుగునా కాలీఫ్లవర్ ఉందేమో చూడండి, మండు వేసవిలో ఇక్కడి రైతు దగ్గర్నుంచి మచ్చలేని తెల్ల కాలీఫ్లవర్ వచ్చిందంటే నేనైతే నమ్మను. కారానికి కాయ కావాలంటే ఫిబ్రవరి, మార్చిలో అడగండి, అప్పుడే కొత్త కాయ యార్డుకొస్తది.

మియాపూర్_మమత

నిన్న వెళ్ళి ఊరి పేరు అడిగా. కౌంటర్లో అబ్బాయి "శంకర్‌పల్లి వైపు మేడం" అన్నాడు, ఓనరేమో "వికారాబాద్" అన్నారు 🙂 నంబర్ అడిగితే రేపు ఇస్తానన్నారు. మా బ్లాక్‌లో పదకొండు మంది శాంపిల్‌కి డబ్బులు వేసుకుంటామన్నారు, పచ్చిమిర్చి తీసుకుని పంపుతున్నాం, రిపోర్ట్ వచ్చాక ఇక్కడే పెడతా.

జనగామ_పోరడు

పెట్టుండ్రి అక్కా. షాపు పేరు మాత్రం రిపోర్టు వచ్చెదాక రాయకుండ్రి.